తీర్చలేనని చెప్పడమూ సత్యమే

ఒకసారి అప్పుల ముందు చేతులెత్తేసి, నలుగురి నోళ్ళలో పడి, ఎట్లాగో మళ్ళీ నిలదొక్కుకున్న ఇల్లు రెండోసారి అదే చోటికి వచ్చిందనుకోండి. ఆ ఇంటి మనిషి ఇప్పుడేం చేయాలి? మళ్ళీ ఐపీ పెట్టవచ్చా? తీర్చే శక్తి లేదని కోర్టుకు రాసిచ్చే ఆ అర్జీని రెండోసారి పెట్టవచ్చో లేదో చట్టం చెబుతుంది. పెట్టడం పాపమా కాదా అన్నది మాత్రం చెప్పదు. మనిషిని రాత్రంతా మేల్కొల్పేది ఆ రెండో ప్రశ్నే. మొదటిసారి "పాపం, కాలం కలిసిరాలేదు" అన్న నోళ్ళే రెండోసారి "వాని బుద్ధే అంత" అంటాయి. బయట ఎవరూ అనకముందే ఆ మాట బాకీపడ్డవాడి లోపల మోగుతూ ఉంటుంది. అతను అప్పు కన్నా ముందు ఆ మాటకు జవాబు వెతుక్కుంటాడు. ఆ జవాబును అతనొక్కడి మీదే వదిలేయడం న్యాయమేనా అని మనం అడగాలి.

కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ మీదుగా పోయేవారికి అప్పు కంటికి కనబడదు. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువలు ఈ నేలను తడుపుతున్నాయి. వానాకాలంలోనూ యాసంగిలోనూ వరి, పక్కన చెరకు. నీళ్ళున్న ఊళ్ళకు బాకీలెందుకని మెట్ట ప్రాంతాలవారు అడిగితే తప్పులేదు. కానీ ఎగువన సింగూరు కట్టి మంజీర నీళ్ళను హైదరాబాద్ దాహానికి మళ్ళించాక, నిజాంసాగర్ ఏటా నిండుతుందన్న భరోసా సడలింది. కాలువ చివరి పొలాలు బోరును నమ్ముకున్నాయి, బోరు అప్పును నమ్ముకుంది. బోధన్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడటంతో ఈ చుట్టుపక్కల చెరకుకు ఒక పెద్ద గిరాకీ పోయింది. కౌలుకు చేసేవారికి పంట చేతికి రాకముందే కౌలు బాకీ నిలబడి ఉంటుంది. నీళ్ళున్నచోట పెట్టుబడి పెరుగుతుంది, దాంతోపాటే పోగొట్టుకోగలిగినదీ పెరుగుతుంది.

ఇక్కడి ఒక మామూలు ఇంటి బాకీలను కాగితం మీద పెడితే వాటి తీరు తెలుస్తుంది. సొసైటీలో పంట అప్పు. బ్యాంకులో తాకట్టు బంగారం. మందుల దుకాణంలో ఎరువుల ఖాతా. తెలిసినవాళ్ళ దగ్గర నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి రాసిచ్చిన కాగితం. ముందే ఎత్తుకున్న చిట్టీ. ఇంటావిడ పేరు మీద మహిళా సంఘం కిస్తీ, దానిపైన మైక్రోఫైనాన్స్. కొడుకు ఫోన్‌లో ఎవరికీ చెప్పని యాప్ లోన్. ఏ ఒక్కదాన్నీ విలాసం అనలేం. ఒకటి విత్తనాలకు, ఒకటి దవాఖానకు, ఒకటి బిడ్డ పెళ్ళికి, మిగిలినవి మొదటివాటి కిస్తీలు కట్టడానికి. నెలకు నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి ముప్పై ఆరు. మూడేళ్ళు తిరక్కుండానే మిత్తి అసలును దాటిపోతుంది. ఆపైన ఎంత కట్టినా అసలు కదలదు.

జాతీయ నమూనా సర్వే 2019లో తేల్చిన లెక్క ప్రకారం తెలంగాణ వ్యవసాయ కుటుంబాల్లో నూటికి 91.7 అప్పుల్లో ఉన్నాయి. దేశం మొత్తం మీద ఆ లెక్క 50.2. ఒక్కో కుటుంబం సగటు బాకీ తెలంగాణలో లక్షా 52 వేలు, దేశంలో 74 వేలు. నూటికి తొంభై ఇళ్ళలో ఉన్నదాన్ని ఒక్కో ఇంటి గుణదోషంగా ఎట్లా చూడగలం? అందరూ బాకీల్లోనే ఉన్నా ఎవరికి వారు తామొక్కరే దొరికిపోయామనుకుంటారు. పొరుగింటి పంట ఎంతో ఊరందరికీ తెలుసు, పొరుగింటి బాకీ ఎంతో తెలియదు. అప్పు చేసే హాని సగం డబ్బుది, సగం ఈ ఒంటరితనానిది.

మన పాతవాళ్ళు అప్పు గురించి రెండు వేరువేరు మాటలు చెప్పి పోయారు. సుమతీ శతకకారుడు ఏ ఊళ్ళో ఉండాలో, ఏ ఊళ్ళో ఉండకూడదో చెబుతూ, అవసరానికి అప్పిచ్చేవాణ్ణి మొట్టమొదట లెక్కపెట్టాడు. వైద్యుడూ ఎండని ఏరూ ఆ తర్వాతే. భారతంలో యక్షుడు సుఖపడేవాడెవరని అడిగితే ధర్మరాజు వేరే మాట చెప్పాడు: పొద్దువాలిన వేళ అయినా సరే, తన ఇంట్లో ఆకుకూర వండుకుని తినేవాడు, అప్పులేనివాడు, పరదేశంలో లేనివాడు. ఈ రెండు మాటలూ నిజమే. అప్పు పుట్టని ఊళ్ళో బతుకు సాగదు, అప్పు తీరని ఇంట్లో సుఖం ఉండదు.

ధర్మరాజు అప్పునూ ప్రవాసాన్నీ పక్కపక్కన ఎందుకు పెట్టాడో బాన్సువాడ, కామారెడ్డి, నిజామాబాద్ పల్లెలకు చెప్పనక్కర్లేదు. ఇక్కడ వీసా కోసం అప్పు చేసి దుబాయికో సౌదీకో పోతారు, పోయాక ఆ అప్పు తీరేదాకా రాలేరు. ధర్మరాజు చెప్పిన సుఖం రెండు వైపులా ఒక్క సంతకంతో పోతుంది. అప్పు తీర్చి ఇంటికి వచ్చినవారు ఉన్నారు, ఇల్లు కట్టినవారూ ఉన్నారు. వారి కష్టాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అయితే ఎడారిలో పదేళ్ళు గడపడమే ఒక ఇంటి బాకీకి ఉన్న ఏకైక పరిష్కారమైతే, తప్పు ఆ ఇంటి లెక్కల్లో మాత్రమే ఉందని అనగలమా?

బాకీపడ్డ తెలుగువాడి మనసులో వీటన్నిటికన్నా లోతుగా నాటుకున్న కథ హరిశ్చంద్రుడిది. పల్లె పల్లెనా రాత్రంతా ఆడిన కథ, బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంతో తెలుగు నేలంతా పద్యాలై పాకిన కథ. రాజ్యం దానమిచ్చిన రాజు విశ్వామిత్రుడికి ఇంకా బాకీ ఉండిపోతాడు. గడువు పెట్టుకుని కాశీకి పోతాడు. వసూలుకు నక్షత్రకుడు వెంట నడుస్తాడు. చివరికి ఆ రాజు ఆలిని అమ్ముతాడు, బిడ్డను అమ్ముతాడు, తననూ అమ్ముకుని కాటికాపరి అవుతాడు. అయినా మాట తప్పడు. ఈ కథ మన జాతికి గొప్ప ధైర్యాన్నిచ్చింది, నిజమే. కానీ ఇంటి అప్పులతో కూర్చున్న మనిషి ఈ కథను తలుచుకున్నప్పుడు ఒక ప్రశ్న అడగాల్సి ఉంటుంది. ఆ మాట ఇచ్చింది ఎవరు? చంద్రమతి ఇచ్చిందా? లోహితుడు ఇచ్చాడా? ఇచ్చినవాడి సత్యానికి ఇవ్వనివాళ్ళు ఎందుకు అమ్ముడుపోయారు? కథలో దేవతలు దిగివచ్చి అందరినీ తిరిగి ఇచ్చేశారు కాబట్టి ఈ ప్రశ్న మనల్ని వేధించలేదు. మన ఊళ్ళలో దేవతలు దిగిరారు. బడి మానేసి పనికి పోయిన పిల్లవాడి చదువును ఎవరూ తిరిగి తెచ్చి ఇవ్వరు.

ఈ దేశపు చట్టం హరిశ్చంద్రుణ్ణి ఒక గీత దగ్గర ఆపుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం డిక్రీ వచ్చినా జప్తు చేయకూడనివి కొన్ని ఉన్నాయి. వంటపాత్రలు, కట్టుబట్టలు, పడక, చేతిపనివాడి పనిముట్లు, రైతు సేద్యపు పరికరాలు, పశువులు, విత్తనాల ధాన్యం, సేద్యంతో బతికేవాడు నివసించే ఇల్లు, సంప్రదాయం ప్రకారం స్త్రీ ఒంటిమీద నుంచి తీయకూడని నగ. డబ్బు డిక్రీ కింద స్త్రీని అరెస్టు చేయకూడదని 56వ సెక్షన్ అంటుంది. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, దగ్గర డబ్బు లేని పేదవాణ్ణి కేవలం తీర్చలేదన్న కారణంతో జైల్లో పెట్టడం రాజ్యాంగంలోని 21వ అధికరణానికి విరుద్ధమని తీర్పు రాశారు. అంటే బాకీ కన్నా ముందు బతుకు ఉంది. తిండి, నిద్ర, పని, గూడు, మానం ఇవి పోయాక మిగిలేది బాకీదారు కాదు, మనిషే కాదు. అందుకే వాటిని అప్పులవాళ్ళ చేతికి అందనివ్వలేదు.

అయినా ఏం జరుగుతోంది? కోర్టు తాకకూడదన్న పుస్తెలతాడు, ఏ అమీనా రాకుండానే, ఇంటావిడ చేతిలోనే బంగారు తాకట్టు దుకాణానికి నడిచిపోతుంది. చట్టం వదిలిపెట్టినదాన్ని సిగ్గు జప్తు చేస్తోంది. వసూలుకు వచ్చినవాడు వాకిట్లో కూర్చుని గొంతు పెంచితే చాలు, సంఘంలోని పదిమంది ఆడవాళ్ళు "మా అందరి పేరు పోతది" అంటే చాలు. నక్షత్రకుడికి ఇప్పుడు కాగితాలు కూడా అవసరం లేదు. ఇజ్జత్ అనే ఒక్క మాట చాలు.

అయితే బాకీదారు పక్షాన మాట్లాడేటప్పుడు అప్పిచ్చినవారి గోడును దాటిపోతే అది మానవత్వం కాదు, పక్షపాతం. మన చిన్న పట్టణాల్లో ఐపీ అన్న మాటకు ఉన్న చెడ్డపేరు ఊరికే రాలేదు. చిట్టీలు నడిపి, ఊరందరి డబ్బూ పోగేసి, ఆస్తులు బంధువుల పేరు మీదికి మార్చి, ఆపైన కోర్టులో కాగితం పడేసి తప్పుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ కాగితం కింద నలిగినవాళ్ళలో వడ్డీ వ్యాపారులే ఉండరు. బిడ్డ పెళ్ళికని దాచుకున్న బీడీ కార్మికురాలు ఉంటుంది, గల్ఫ్ నుంచి కొడుకు పంపిన పైసలు నమ్మకంగా ఇచ్చిన ముసలాయన ఉంటాడు. జమానతు ఉన్న స్నేహితుడి సంగతి ఇంకా కష్టం. దివాలా చట్టం బాకీదారుకు విమోచన ఇచ్చినా అతని కోసం సంతకం పెట్టినవాణ్ణి విడవదు. మన బాకీ అతని మెడకు చుట్టుకుంటుంది. ఇవన్నీ తెలిసి కూడా "మనిషి ముందు, బాకీ తర్వాత" అని ధైర్యంగా అనగలమా?

అనగలమనే నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే సత్యం అన్న మాటను మరోసారి తరచి చూడాలి. జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో నీతికి పునాదులు వెతుకుతూ ఒక ఉదాహరణ తీసుకున్నాడు. తీర్చలేనని తెలిసే, తీరుస్తానని మాటిచ్చి అప్పు తీసుకునే మనిషి. అందరూ అట్లా చేస్తే మాట అన్నదానికే అర్థం పోతుందని, అందుకే అది తప్పని అన్నాడు. ఈ కొలతతో మన బాకీదారును చూడండి. మొదటి అప్పు చేసినప్పుడు అతను అబద్ధం ఆడలేదు. పంట వస్తుందనే నమ్మాడు. పంట పోయింది. ఆ అప్పు తీర్చడానికి రెండోది, రెండోది కట్టడానికి మూడోది చేశాడు. ఎక్కడో ఒక చోట, నాలుగో సంతకం దగ్గరో ఐదో సంతకం దగ్గరో, ఇది తీరదని అతని లోపల తెలిసింది. ఆ క్షణం నుంచి ప్రతి కొత్త అప్పూ కాంట్ చెప్పిన అబద్ధమే. ఇజ్జత్ కాపాడుకోవడానికే అతను ఆ అబద్ధం ఆడుతున్నాడు. మాట నిలబెట్టుకోవాలన్న తపనే అతన్ని మాట తప్పేవాడిగా మారుస్తోంది.

అక్కడ ఆగి, "ఇక నావల్ల కాదు, ఇదిగో నాకున్నది, ఇవిగో నా బాకీలు" అని చెప్పగలిగితే ఆ మాటే సత్యం. హరిశ్చంద్రుడి కాలంలో సత్యమంటే ఇస్తానన్నది ఇవ్వడం. ఈ కాలపు బాకీదారుకు సత్యమంటే ఇవ్వలేనిది ఇవ్వలేనని, ఇంకొకరిని ముంచకముందే చెప్పడం. ఆలస్యంగా చెప్పిన నిజం వల్ల నష్టపోయేది ఆ బీడీ కార్మికురాలే, ఆ ముసలాయనే, ఆ జమానతు స్నేహితుడే. అప్పిచ్చినవారి మేలు కోరేవారు కూడా ఈ మాట త్వరగా చెప్పే దారి ఉండాలనే కోరుకోవాలి.

దివాలా చట్టాన్ని దగ్గరగా చూస్తే దాని ప్రాణం అక్కడే ఉంది. మామూలు మనుషుల ఐపీలకు ఈనాటికీ ఆధారం 1920లో బ్రిటిష్ కాలంలో వచ్చిన ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. ఐదు వందల రూపాయలకు మించిన బాకీ ఉంటే అర్జీ పెట్టవచ్చని అందులో ఉంది. ఆనాటి ఐదు వందలు ఈనాడు ఒక పూట ఖర్చు. అర్జీలో అప్పులన్నీ చూపాలి, ఆస్తులన్నీ చూపాలి. దాచితే నేరం. కోర్టు ఒప్పుకుంటే ఆస్తి రిసీవర్ చేతికి పోతుంది, కుదువ లేని అప్పులవాళ్ళకు దామాషా ప్రకారం పంచుతారు. గొంతు పెద్దదైనవాడికి ముందు, నోరులేనివాడికి చివర అన్న పద్ధతి ఉండదు. రాత్రికి రాత్రి ఊరు విడిచిపోయేవాడు చేసేదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. పారిపోయేవాడు అందరికీ వీపు చూపుతాడు, ఐపీ నిజాయితీగా పెట్టినవాడు అందరి ముందూ లెక్క విప్పుతాడు.

మరి రెండోసారి సంగతి? ఆ పాత చట్టం దీని గురించి కూడా ఆలోచించింది, ఆశ్చర్యంగా చాలామంది పెద్దమనుషుల కన్నా దయగా ఆలోచించింది. మొదటిసారి దివాలాదారుగా ప్రకటించాక గడువులోగా విమోచన కోరకపోతే 43వ సెక్షన్ కింద ఆ ప్రకటన రద్దవుతుంది. అట్లా రద్దయినవాడు మళ్ళీ అర్జీ పెట్టాలంటే కోర్టు అనుమతి కావాలి. అనుమతికి రెండే దారులు: ఆనాడు అడగలేకపోవడానికి సరైన కారణం చూపాలి, లేదా ఈసారి పరిస్థితులు వేరని చూపాలి. ఇక 42వ సెక్షన్ చూడండి. బాకీల్లో రూపాయికి ఎనిమిది అణాల విలువైన ఆస్తి కూడా లేకపోతే, లెక్కలు రాయకపోతే, జూదమో దుబారానో కారణమైతే, ఇంతకుముందే ఒకసారి దివాలా తీసి ఉంటే, షరతుల్లేని పూర్తి విమోచన ఇవ్వకూడదంటుంది. అయితే ఎనిమిది అణాల సంగతిలో, ఆ లోటు అతని తప్పు వల్ల వచ్చింది కాదని చూపితే మినహాయింపు ఉంది. పూర్తి విమోచన రానప్పుడు కూడా కొంతకాలం ఆపి ఇచ్చే విమోచన, ముందుముందు సంపాదనలో కొంత కట్టాలన్న షరతుతో ఇచ్చే విమోచన కోర్టు చేతిలో ఉన్నాయి.

అంటే రెండోసారి వచ్చినవాడికి తలుపు మూయలేదు. అతన్ని రెండు మాటలు అడిగింది: ఏం జరిగింది, ఏం మారింది? నువ్వు మంచివాడివా చెడ్డవాడివా అని అడగలేదు. వందేళ్ళ కిందటి వలస పాలకుల చట్టానికి ఉన్న ఈ మాత్రం ఓపిక ఊరికి ఎందుకు లేదు, ఇంటివాళ్ళకు ఎందుకు లేదు, చివరికి బాకీదారుకు తన మీద తనకే ఎందుకు లేదు?

మళ్ళీ మళ్ళీ రావడం ఒక్క మనిషి బుద్ధిలోని లోపమే అయితే, ప్రభుత్వాల సంగతేమిటి? 2008లో కేంద్రం పంట రుణాలు మాఫీ చేసింది. తెలంగాణ వచ్చాక 2014లో లక్ష దాకా మాఫీ ప్రకటించారు, 2018లో మళ్ళీ లక్ష అన్నారు, 2024లో 2 లక్షల దాకా మాఫీ మొదలుపెట్టారు. పదహారేళ్ళలో నాలుగుసార్లు. ఎవరూ దాన్ని ప్రభుత్వ దుర్బుద్ధి అనలేదు, పంట గిట్టడం లేదనే అన్నారు. ఆ మాటే నిజమైతే, అదే పంటను నమ్ముకుని, అదే మార్కెట్లో అమ్ముకుని, అదే వాన కోసం ఎదురుచూసిన కుటుంబం రెండోసారి మునిగితే మాత్రం బుద్ధి దోషం ఎట్లా అవుతుంది? పైగా మాఫీ తాకేది బ్యాంకు పంట రుణాన్ని. నూటికి మూడు రూపాయల కాగితాన్ని తాకదు, పాస్‌బుక్కు లేని కౌలుదారు బతుకును తాకదు. అప్పు తుడిచి, అప్పు పుట్టిన కారణాన్ని అట్లాగే వదిలేస్తే రెండోసారి రావడం ముందే రాసిపెట్టినట్టు.

కంపెనీల విషయంలో మనకు ఈ సంకోచం లేదు. 2016 నాటి దివాలా స్మృతి కింద వేల కంపెనీలు ట్రిబ్యునల్ ముందుకు వచ్చాయి. పరిష్కారమైన కేసుల్లో అప్పిచ్చినవారికి ఒప్పుకున్న బాకీలో సగటున దాదాపు మూడో వంతే తిరిగివచ్చింది. మిగతాది రద్దయింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీని నడిపిన కంపెనీ కూడా ఆ ట్రిబ్యునల్ గడప తొక్కింది. ఏ డైరెక్టర్ వాకిట్లోనూ ఎవరూ కూర్చుని అరవలేదు. అదే స్మృతిలో పేదవాడి కోసం 'తాజా ఆరంభం' అనే అధ్యాయం కూడా రాశారు. ఏడాది ఆదాయం 60 వేలకు, ఆస్తి 20 వేలకు, బాకీ 35 వేలకు మించకుండా, సొంతిల్లు లేనివారు తమ బాకీల నుంచి బయటపడే దారి అది. వ్యక్తుల దివాలాకు సంబంధించిన ఆ భాగాన్ని 2019 డిసెంబరు 1న కంపెనీలకు హామీ ఉన్నవారి వరకే అమల్లోకి తెచ్చారు. పేదవాడి అధ్యాయం పుస్తకంలోనే ఉండిపోయింది. ఫ్యాక్టరీకి తెరుచుకున్న తలుపు ఆ ఫ్యాక్టరీకి చెరకు తోలిన మనిషికి తెరుచుకోలేదు.

దయ చూపితే అప్పు పుట్టదు, లోకం చెడిపోతుందని కొందరు భయపడతారు. లోకం అనుభవం అట్లా లేదు. దాదాపు మూడు వేల ఎనిమిది వందల ఏళ్ళ కిందట బాబిలోన్‌లో హమ్మురాబి వేయించిన శాసనంలో 48వ నియమం, వరద పొలాన్ని ముంచినా నీళ్ళు లేక పంట పోయినా బాకీదారు ఆ ఏడు ధాన్యం కొలవనక్కర్లేదని, ఆ ఏటి వడ్డీ కట్టనక్కర్లేదని చెప్పింది. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాను ముంచిన వరదలో వరి పోగొట్టుకున్న రైతుకు మిత్తి ఆ నెల కూడా ఆగకుండా నడిచింది. బాన్సువాడలో ముస్లిం ఇళ్ళు చాలా ఉన్నాయి. వారి ఖురాన్ రెండో అధ్యాయం బాకీదారు ఇబ్బందిలో ఉంటే కలిసివచ్చేదాకా గడువివ్వమని, వదిలేస్తే ఇంకా మేలని చెబుతుంది. మన ధర్మశాస్త్రాల్లోని దామ్‌దుపట్ సూత్రం ఒకేసారి వసూలు చేసే మిత్తి అసలును దాటకూడదంది. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మైక్రోఫైనాన్స్ వసూళ్ళకు కళ్ళెం వేస్తూ మొదట ఆర్డినెన్సుగా తెచ్చిన చట్టం ఆ సూత్రాన్నే తిరిగి రాసింది. రిజర్వు బ్యాంకు కింద నమోదైన సంస్థలకు అది వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023లో చెప్పింది. వాటికి రిజర్వు బ్యాంకు 2022లో నిబంధనలు పెట్టింది: కిస్తీలన్నీ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదు, పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలుకు రాకూడదు. ఇన్ని మతాలు, ఇన్ని కాలాలు ఒక్క మాట మీదికి వచ్చాయి. అప్పు కూడా మనుషుల మధ్య బంధమే, దానికీ ఒక హద్దు ఉండాలి.

ఆ హద్దు ఎక్కడ గుర్తుకొస్తోంది? 2004లో ఉమ్మడి రాష్ట్రం జీవో 421 తెచ్చింది. రైతు అప్పుల బాధతో ప్రాణం తీసుకుంటే కుటుంబానికి అప్పట్లో లక్షన్నర. అందులో లక్ష బతుకుదెరువుకు, 50 వేలు అప్పులవాళ్ళతో ఒక్కసారి తెగ్గొట్టుకునే పరిష్కారానికి. ఆ ఉత్తర్వు వెనుక మంచి మనసు ఉంది, కాదనను. కానీ ఆలోచించండి. మనిషి పోయాక అధికారులు వస్తారు, కాగితాలు తీస్తారు, అప్పులవాళ్ళను పిలుస్తారు, ఇంతకు ఒప్పుకోండని అంటారు, వాళ్ళూ ఒప్పుకుంటారు. చావు తర్వాత సాధ్యమైన రాజీ చావుకు ముందు ఎందుకు సాధ్యం కాలేదు? ఆ మనిషి బతికి ఉండగా ఆ కూర్చోవడం జరిగి ఉంటే? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది పోయినవాడు కాదు, మిగిలిన మనం.

ఇంకో అపోహను కూడా గట్టిగా తుడిచేయాలి. తాను పోతే బాకీ పోతుందని కొందరు, తాను పోయినా పిల్లల నెత్తిన పడుతుందని కొందరు కుమిలిపోతారు. తండ్రి బాకీని కొడుకు తీర్చడం ధర్మబాధ్యత అన్న పాత హిందూ న్యాయసూత్రాన్ని ఆధారం చేసుకుని వసూలు చేయడానికి 2005 సెప్టెంబరు 9 తర్వాతి అప్పుల విషయంలో చట్టం వీలు తీసేసింది. వారసులకు వచ్చిన ఆస్తి మేరకే బాకీ అంటుతుంది, వారి కష్టానికి అంటదు. పిల్లల్ని కాపాడే పని చట్టం చేసింది. వాళ్ళకు చట్టం ఇవ్వలేనిది ఒక్కటే, బతికున్న తల్లీతండ్రీ.

కాబట్టి దారులు ఉన్నాయి, ఏదీ సుఖమైన దారి కాదు. మొదటిది, ఇంటిల్లిపాదీ కూర్చుని యాప్ లోన్‌తో సహా బాకీలన్నీ ఒక్క కాగితం మీద రాయడం. చాలా ఇళ్ళలో ఇదే అన్నిటికన్నా కష్టమైన పని. పంట నష్టాన్ని ప్రభుత్వం ప్రకటించినచోట పంట రుణాన్ని ఎక్కువ గడువున్న రుణంగా మార్చమని బ్యాంకును అడగడం. లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవడం. అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ, ఎస్సీ ఎస్టీలకూ ఉచిత న్యాయసహాయం హక్కుగా ఉంది. సన్నకారు రైతుల, కూలీల, చేతివృత్తులవారి బాకీ తగవుల కోసం తెలంగాణ 2016లో రుణ విమోచన కమిషన్ చట్టం చేసుకుంది. అర ఎకరం అమ్మితే సరిపోయే రోజున అర ఎకరం అమ్మడం, రెండెకరాలు అమ్మినా సరిపోని రోజుదాకా ఆగకపోవడం. ఇవేవీ కుదరనప్పుడు ఐపీ, మొదటిసారైనా రెండోసారైనా. మనసు చీకటి వైపు లాగుతుంటే 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడే మనిషి ఉంటారు.

ఈ దారుల్లో నడవాల్సింది బాకీదారే అయినా, వాటిని నడవదగ్గవిగా చేయాల్సింది ఊరు. బాన్సువాడలో గుడికి కమిటీ ఉంది, మసీదుకు కమిటీ ఉంది, కాలువ నీటి పంపకానికి కూర్చునే పెద్దలు ఉన్నారు. అప్పుల్లో మునుగుతున్న ఇంటికోసం, అప్పిచ్చినవారినీ తీసుకున్నవారినీ ఒక్క చోట కూర్చోబెట్టే నలుగురు కూడా కావాలి. వాళ్ళు ఎవరి మంచీ చెడూ తూచనక్కర్లేదు. ఏం జరిగింది, ఏం మారింది అని అడిగితే చాలు. చిన్న మొత్తం ఇచ్చిన పేదవాడికి ముందు దక్కేటట్టు, జమానతు సంతకం పెట్టినవాడు ఒంటరిగా మిగలకుండా చూస్తే చాలు. పుస్తకంలో నిద్రపోతున్న పేదవాడి దివాలా అధ్యాయాన్ని, ఈనాటి బాకీలకు తగ్గట్టు హద్దులు పెంచి, అమల్లోకి తెమ్మని ప్రతినిధులను నిలదీస్తే ఇంకా మంచిది.

బాకీ తీర్చడం ధర్మం, ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. తీర్చగలిగినవాడు తీర్చాల్సిందే. కానీ ధర్మం తీర్చగలిగినదానినే కోరాలి. శక్తికి మించినదాన్ని కోరి, అది ఇవ్వలేనివాడి చేత పుస్తెలు, చదువులు, ఊరు, చివరికి ప్రాణం కూడా వసూలు చేసే లెక్కను ధర్మమని పిలవకూడదు. మళ్ళీ పడ్డవాడు మళ్ళీ లేవనివ్వమని అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు. సిగ్గుపడాల్సింది, అతను నిజం చెప్పడానికి వచ్చినప్పుడు వినడానికి ఒక్కరూ కూర్చోని ఊరు.